అన్నగారి పొడుగు పాట

లోకంలో మొగుళ్ళ మీద ఉండే మామూలు ఫిర్యాదులు ఆ ఇల్లాలికీ ఉన్నాయి. తడి తువ్వాలు మంచం మీద పడేయడం, వెతికే వస్తువు కళ్ళెదురుగా ఉన్నా కేక పెట్టడం లాంటివి. అవి అందరికీ ఉన్నవే కాబట్టి ఆవిడ పట్టించుకోదు. ఆవిడ అసలు ఫిర్యాదు వేరు. ఆయన మూడు నిమిషాల్లో అయిపోయేదాన్ని పాట అని ఒప్పుకోడు. పాటంటే ప్రోగ్రెసివ్ రాక్ పాట. అదీ రికార్డులో ఒక పక్కంతా ఆక్రమించుకునేది. అందులో గిటార్లు కొట్టుకోవాలి, ఆర్గన్ ఏడవాలి, డ్రమ్ములవాడు తాళం మార్చి మార్చి వినేవాడి గుండె లయ తప్పించాలి. మధ్యలో ఒక తుఫానో యుద్ధమో ఉండి తీరాలి. "పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్ కట్టేయండి" అంటే "నాలుగో భాగంలో ఉన్నాను" అంటాడు. పాలు అయిదో భాగం దాకా ఆగవని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు బోధపడలేదు.

ఈ జబ్బు ఆయనకు అన్నగారి నుంచి అంటింది. అన్నగారు పళ్ళ డాక్టరు. కాలేజీ రోజుల్లో అన్నదమ్ములిద్దరూ సినిమాలు మానుకుని ఆ రికార్డులు కొన్నారు, అప్పట్నుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు. అన్నగారికి సముద్రంలో దారి తప్పిన ఓడ మీద ఏడు భాగాల పాట ప్రాణం. తమ్ముడికి ఒంటరిగా శిఖరం ఎక్కేవాడి పాట ప్రాణం. ఏ పుట్టినరోజుకు కలిసినా, ఎవరి పెళ్ళిలో కలిసినా, చేయి కడుక్కోగానే మొదలెట్టేవారు.

"నీ పాట మధ్యలో నిమిషం పైగా ఏ శబ్దమూ లేదన్నయ్యా! మనం డబ్బులిచ్చి కొన్నాం."

"విననివాడికి అక్కడ ఏమీ లేదురా."

"వినడానికేమైనా ఉంటేగా!"

అన్నగారు ఇంటి గోడకు ఆనుకునే ఉన్న తన ఆసుపత్రిలో ఈ ఓడ పాటే పెట్టేవాడు. పెద్ద పన్ను పనికి సరిగ్గా సరిపోయేదట. తుఫాను భాగంలో డ్రిల్లు. నిశ్శబ్దం రాగానే "పుక్కిలించండి" అనేవాడు. పేషెంటు ఎడమ పక్కకు తిరిగి ఉమ్మి, దవడ పట్టుకుని ఇంటికి పోయేవాడు. అలా ఊళ్ళో సగం మందికి ఆ పాట సగం దాకా కంఠతా వచ్చు.

ఆ పెద్దాయన పోయాడు. గుండె రెండు రోజులు తటపటాయించి మరీ ఆగింది. ఆ రెండు రోజుల్లో తమ్ముడి చేయి పట్టుకుని అడిగింది ఒక్కటే. "నా పాట వెయ్యిరా. మొత్తం వెయ్యి. కొయ్యకు." తమ్ముడు ఏడుస్తూ "అలాగే అన్నయ్యా" అన్నాడు. పక్కన నిలబడి ఆవిడా విన్నది.

కాబట్టి ఆ ఉదయం వేసుకున్న పథకం తేలికైనదే. పదింటికి దహనవాటిక హాలు. ఒక పాట. తెర వెనక్కి పెట్టె. ఇల్లు.

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ముందుగదిలోకి వస్తే ఆయన కంప్యూటరు ముందు వంగి, పెన్‌డ్రైవ్‌లోకి ఏదో ఎక్కిస్తున్నాడు.

"ఏ పాటండీ?"

"పాటే."

మొగుడు ఒక్క ముక్కలో జవాబు చెప్పాడంటే అందులో రెండో ముక్క దాచాడని అర్థం. ఆయన బూట్లు వేసుకోవడానికి వెళ్ళగానే ఆవిడ తెర మీదికి చూసింది. శిఖరం! సొంత అన్న చావులో కూడా వాదన గెలవాలనుకునే మనిషితో వాదించేదేముంది! ఓడ పాటను ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి చేతిసంచిలో వేసుకుంది.

దారిలో ఆయనే బయటపడ్డాడు. "అది కాదే. అన్నయ్య పాట మధ్యలో ఆగిపోతుంది కదా. జనం మిషను పాడైందనుకుంటారు. చావింట్లో ఆ గందరగోళం దేనికి? నాది వేస్తే హాయిగా సాగిపోతుంది. రెండూ ఒక జాతివే. అన్నయ్య ఏమీ అనుకోడు."

"అనుకోలేరు లెండి," అంది ఆవిడ కిటికీలోంచి చూస్తూ.

హాలు చిన్నది. తెల్ల గోడలు, వరసల్లో కుర్చీలు, ఎదురుగా వేదిక, దాని మీది రోలర్లపై మూత వేయని అన్నగారి పెట్టె, పెట్టె తలవైపు చాటుగా ఒక స్పీకరు, వెనక నల్ల తెర. తెర వెనక ఏముందో అందరికీ తెలుసు, ఎవరూ అటు చూడరు. మేనేజరు గుమ్మం దగ్గరే నిబంధన చెప్పాడు.

"కుటుంబానికి ఒక పాట. పాట ఆగగానే నేను బటన్ నొక్కుతాను, పెట్టె లోపలికి వెళ్తుంది. పదకొండింటికి ఇంకొకళ్ళున్నారు."

"ఒక్కటేనండీ. ఒక్కటే పాట," అన్నాడు తమ్ముడు వినయంగా. దాని పొడవు ఆయన చెప్పలేదు, మేనేజరు అడగలేదు.

హాలు నిండా పేషెంట్లే. పంతుళ్ళు, కొట్టువాళ్ళు, ఒక ఇన్సూరెన్సు ఏజెంటు, పెద్దాయన స్నేహితుడైన కళ్ళ డాక్టరు. ముందు వరసలో ఆవిడ తోడికోడలు, నిన్నటి నుంచి కన్నీళ్ళు రాని మొహంతో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పాట మొదలైంది. కొండగాలి, వేణువు, దూరంగా గంటలు. అందరూ తలలు వంచుకున్నారు. నిజానికి బాగానే సాగుతోంది. చాలాసేపు అలాగే సాగాక తోడికోడలు తల ఎత్తింది.

"ఇది ఆయన పాట కాదు."

"వదినా, అదేమిటంటే..."

"ముప్పై ఏళ్ళు గోడ అవతల నుంచి విన్నాను. నాకు తెలీదా? ఏమయ్యా, ఆయన పాటేదీ?"

హాలంతా తమ్ముడి వైపు తిరిగింది. ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే చేతిసంచి తెరిచి ఉంది.

"ఇదిగో. అనుకున్నాను లెండి."

తమ్ముడు వెళ్ళి పెన్‌డ్రైవ్ మార్చాడు. ఓడ పాట మొదటి తీగ మోగిందో లేదో, వరసలకు వరసలు చేతులు దవడల మీదికి వెళ్ళాయి. అది మర్యాదో దుఃఖమో కాదు, అలవాటు. తుఫాను భాగం వచ్చేసరికి ఇన్సూరెన్సు ఏజెంటు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెనక ఎవరో పెద్దమనిషి తెలియకుండానే నోరు తెరిచాడు. జనం ఇంత బాధతో తలుచుకునే మనిషి ఇంకొకడు ఉండడని మేనేజరు అనుకుని ఉంటాడు.

అప్పుడు నిశ్శబ్దం వచ్చింది.

హాలు మొత్తం, ఒకే మనిషిలా, ఎడమ పక్కకు తిరిగి వంగింది. ఉమ్మడానికి గిన్నె లేదని తెలిసి కొందరు సిగ్గుపడ్డారు, కొందరు జేబురుమాలు తీశారు, చాలామంది పన్ను పని అయిపోయినట్టే లేచి నిలబడ్డారు. పాట ఆగింది, జనం లేచారు. మేనేజరు తన ఉద్యోగం తాను చేశాడు. బటన్ నొక్కాడు.

రోలర్లు కదిలాయి. పెట్టె తెరవైపు జరిగింది.

"ఆపండి!" తమ్ముడు ఒక్క గెంతులో వేదిక ఎక్కి ఒక చేత్తో పెట్టె పట్టుకున్నాడు. నిశ్శబ్దం పాటదేనా, మిషను నిజంగానే ఆగిందా అని ఆయనకూ అనుమానం వచ్చింది. వంగి, పెట్టె తలవైపున్న స్పీకరుకు చెవి ఆనించాడు. "ష్!" అంటూ రెండో చేయి ఎత్తాడు.

కింద ఉన్నవాళ్ళకు పెట్టె అడ్డంగా ఉండి స్పీకరు కనబడదు. వాళ్ళకు కనబడింది అన్న ముక్కు దగ్గర చెవి పెట్టి వింటున్న తమ్ముడు. అంతలో స్పీకరులో ఎక్కడో లోతుగా ఆర్గన్ మెల్లగా లేచింది, వేదిక మీదివాడికి మాత్రమే వినబడేంత సన్నగా. ఆయన మొహం విప్పారింది. జనం వైపు తిరిగి నవ్వుతూ తల ఊపాడు.

"ప్రాణముంది!" అని అరిచాడు ఇన్సూరెన్సు ఏజెంటు.

తర్వాత ఎవరేం చేశారో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కుర్చీలు పడ్డాయి. మేనేజరు కంగారులో బటన్‌తో పాటు పాట కూడా కట్టేశాడు. "డాక్టరుగారూ! డాక్టరుగారూ!" అంటూ కళ్ళ డాక్టర్ని నలుగురు ఎత్తినట్టే వేదిక ఎక్కించారు. ఆయన నాడి పట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. అందుకని తెలిసిన చోటుకే వెళ్ళాడు. రెప్పలు ఎత్తి చూశాడు. ఒకటి. రెండోది. జేబులోంచి చిన్న టార్చి తీసి మళ్ళీ చూశాడు.

ఆవిడ మాత్రం తోడికోడల్ని చూస్తోంది. తోడికోడలు లేచి నిలబడింది. నిన్నటి నుంచి రాయిలా ఉన్న మొహంలో ఒక వెలుగు వచ్చింది, పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు. దాన్ని చూడలేక ఆవిడ నేల చూసింది.

"లేదమ్మా," అన్నాడు కళ్ళ డాక్టరు. "పోయారు."

రెండు రోజుల్లో రెండోసారి విధవ అయి తోడికోడలు కూర్చుంది.

"నేను విన్నది స్పీకర్ని వదినా," అన్నాడు తమ్ముడు. "పాట ఉందో లేదో అని..."

మేనేజరు గడియారం చూపించాడు. గుమ్మంలో తర్వాతి కుటుంబం వచ్చి నిలబడి ఉంది, చక్రాల బల్ల మీద వాళ్ళ పెట్టెతో సహా.

"పాట అయిపోయిందా?" అడిగింది తోడికోడలు.

"లేదు. ఇంకా రెండు భాగాలున్నాయి."

"ఆ నిశ్శబ్దం తర్వాత కూడా ఉందా?" ఆమె మరిది వైపు వింతగా చూసింది. "ఇన్నేళ్ళూ అక్కడితో అయిపోయిందనుకుని భోజనానికి పిలిచేదాన్ని. కట్టేసి వచ్చేవారు. ఉందని ఒక్కసారీ అనలేదు." ఆమె మేనేజరు వైపు తిరిగింది. "వెయ్యండి."

"కుదరదమ్మా. కుటుంబానికి ఒక్కటే. మీరు ఒకటి ముందే వేశారు."

అందరూ తమ్ముణ్ణి చూశారు. దాటవేయడానికి ఇంక చోటు లేదు.

"ముందు వేసింది మా అన్నయ్య పాట కాదండీ, నాది," అన్నాడు ఆయన. "ఆయన ఇది అడిగాడు. నేను మాటిచ్చి మార్చేశాను. ఆయన పాట ఇంకా సగంలోనే ఉంది."

మేనేజరు తల అడ్డంగా ఊపబోతుంటే గుమ్మంలోని ముసలావిడ తన పెట్టె మీద చేయి వేసి అంది: "కానివ్వు నాయనా. మాకేం తొందర లేదు. మా ఆయనకి అసలే లేదు."

పాట వేశారు. ఆగిన దగ్గర నుంచే.

నిశ్శబ్దం తర్వాత ఆర్గన్ మెల్లగా వచ్చింది. దాని వెనకే ఒక గిటారు, దారి దొరికినవాడి నడకలా. ఈ భాగం ఊళ్ళో ఎవరూ వినలేదు. అప్పటికి అందరూ పుక్కిలించి వెళ్ళిపోయేవారు. దవడల మీది చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. తర్వాతి కుటుంబం గోడవారగా నిలబడి వింది. తోడికోడలు ఏడ్చింది, నిన్నటి నుంచి బాకీ పడ్డదంతా. ఆవిడ పక్కకు జరిగి ఆమె చేయి పట్టుకుంది.

చివరి స్వరం గోడల్లోకి ఇంకిపోయేదాకా ఆగి, ఈసారి మేనేజరు తమ్ముణ్ణి అడిగాడు. "అయిందా?"

"అయింది."

రోలర్లు కదిలాయి. పెట్టె తెరదాకా వెళ్ళింది. తమ్ముడు దాని వెంటే నాలుగడుగులు నడిచి, హాలంతా వినేలా గట్టిగా అన్నాడు.

"నీదే గొప్ప పాట అన్నయ్యా. నాదే తప్పు."

వాళ్ళిద్దరి వాదనలో పెద్దాయన ఎదురు మాట్లాడకపోవడం అదే మొదటిసారి.