భద్రమ్మ గీజరూ, బలవర్ధక జలమూ

గుట్టలూ బండరాళ్లూ నిండిన ఒక పెద్ద అడవిలో, కుళాయి తిప్పితే నీళ్లతోపాటు సున్నం కూడా వచ్చేది.

ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు. అన్నం గిన్నె కడిగి ఆరబెడితే ముగ్గేసినట్టు తెల్లటి చారలు. వాషింగ్ మెషిన్‌లోంచి తీసిన దుప్పటి మడత పెట్టబోతే ఫెళఫెళలాడేది.

అందరికన్నా ఎక్కువ అవస్థ ఎలుగుబంటి భద్రమ్మది. ఆవిడ పురిటి ఆసుపత్రి నడిపేది. పసికూనలకి వేన్నీళ్లు కావాలి, బాలింతలకి ఉతికిన గుడ్డలు కావాలి. గీజర్ చూస్తే నాలుగు నెలలైనా నిలవదు. విప్పితే కాయిల్ కనపడదు, దాని చుట్టూ చెట్టు బెరడంత మందాన సున్నం పేరుకుని ఉంటుంది.

ఆ చలికాలం ఒక జింకకి నెలలు నిండకుండానే కాన్పయింది. సరిగ్గా అప్పుడే గీజర్ ఢామ్మని పేలింది. కట్టెలు చూస్తే మంచుకి తడిసి ఉన్నాయి, ఎంత ఊదినా పొగే. పిల్లేమో వణికిపోతోంది. భద్రమ్మ దాన్ని తన బొచ్చులో పొదువుకుని, ఒళ్లు వెచ్చబడి పాలు తాగేదాకా కదలకుండా కూర్చుంది. పిల్ల బతికింది. తల్లికి అప్పగించి, భద్రమ్మ తిన్నగా పాలక సంఘానికి వెళ్లింది.

సంఘానికి అధ్యక్షుడు నెమలి కలాపరాజు గారు. పక్కన ఇంజనీరు కొంగ. ఎదుట, ప్రచారం చూసే చిలుక.

"నీళ్లలో సున్నం ఉందయ్యా. గీజర్లు పేలిపోతున్నాయి," అంది భద్రమ్మ.

"లోపం నీళ్లలో లేదమ్మా, నీ గీజర్‌లో ఉంది," అంది కొంగ.

"మూడు గీజర్లు మార్చానయ్యా."

"అయితే మూడింటిలోనూ ఉంది."

"పోనీ, ఓ గిన్నెడు కాచి చూడండి. అడుగున ఏం మిగులుతుందో మీకే తెలుస్తుంది."

కొంగ తల అడ్డంగా ఊపింది. "మేం సరఫరా చేసేది చన్నీళ్లు. కాచాక జరిగేదానికి సంఘం బాధ్యత లేదు."

కలాపరాజు గారు పింఛం సవరించుకుంటూ, "మా ఇంట్లో గీజర్‌కి ఇన్నేళ్లుగా ఏమీ కాలేదే!" అని ఆశ్చర్యపోయారు.

ఆయన ఇంటికి రోజూ ఏనుగులు మోసుకొచ్చేవి ఏటి నీళ్లు. ఆ సంగతి అడవంతా తెలుసు. ఆ గదిలో మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

భద్రమ్మ వెళ్లిపోయాక సంఘం ఊరుకోలేదు, ఒక తీర్మానం చేసింది. ఇకమీదట ఎవరూ 'సున్నపు నీళ్లు' అనకూడదు. 'బలవర్ధక జలం' అనాలి. చిలుక చెట్టుచెట్టుకీ బోర్డులు కట్టించింది: గట్టి నీళ్లు తాగండి, గట్టి ఎముకలు పొందండి. కుందేళ్లని వరసగా నిలబెట్టి అదే పాట పాడించింది. కొన్నాళ్లకి, గీజర్ పేలిందని చెప్పుకోవడానికే జంతువులు సిగ్గుపడసాగాయి.

ఇంత మంచి పని చేసినందుకు సంఘం తనకు తానే సన్మాన సభ పెట్టుకుంది. చిలుక గంటసేపు మాట్లాడి, "ఎవరైనా రెండు ముక్కలు చెప్పొచ్చు," అంది.

భద్రమ్మ లేచింది. కొంగ గతుక్కుమంది.

"నాకు ఇప్పుడు బుద్ధొచ్చిందయ్యా," అంది భద్రమ్మ. "ఇంత బలమైన నీళ్లు మేమంతా వాడేసుకుంటున్నాం. మన అధ్యక్షుల వారిని మాత్రం ఆ పస లేని ఏటి నీళ్లకి వదిలేశాం. ఇదేమైనా న్యాయమా? రేపే వారింటికి ఈ కుళాయి వేయించాలి. ఏనుగులు కూడా కాస్త నడుం వాలుస్తాయి."

ఏనుగులు ముందు చప్పట్లు కొట్టాయి. తర్వాత అడవంతా కొట్టింది. కలాపరాజు గారు భద్రమ్మ మొహంలోకి తేరిపార చూశారు. ఏ భావమూ దొరకలేదు. ఎలుగుబంటి మొహంలో అది పట్టుకోవడం కష్టం.

కాదనడానికి దారి లేదు. తన బోర్డులే నలువైపులా వేలాడుతున్నాయి.

ఎండాకాలం రాకముందే ఆయన వాషింగ్ మెషిన్ మూలిగి ఆగిపోయింది. గీజర్ పేలింది. అన్నిటినీ మించి, రోజూ ఆ నీళ్లతో కడిగిన పింఛం పిండి చల్లినట్టు తెల్లబడి, ఈకకి ఈక అతుక్కుపోయింది. మొదటి మబ్బు పట్టగానే పురివిప్పబోతే చీపురుకట్టలా సగంలో ఆగిపోయింది. చూడవచ్చిన ఆడనెమళ్లు మర్యాదగా వేరే వైపు చూశాయి.

"నీళ్లలో ఏముందయ్యా?" అని కొంగ మీద విరుచుకుపడ్డారు కలాపరాజు గారు.

"లోపం మీ గీజర్‌లో..." అని అలవాటుగా మొదలెట్టి, కొంగ నాలిక కరుచుకుంది.

అప్పటికప్పుడు అత్యవసర సమావేశం. ఏటి నుంచి పైపు వేయాలని నిమిషంలో తేలిపోయింది.

"అధ్యక్షుల వారి ఒక్క ఇంటికే వేస్తే తొందరగా అయిపోతుంది," అంది కొంగ.

కలాపరాజు గారు కిటికీలోంచి బయటికి చూశారు. వరండాలో భద్రమ్మ ఓపిగ్గా కూర్చుని ఉంది.

"వద్దు," అన్నారాయన నీరసంగా. "ఆవిడ మళ్లీ లేచి పొగుడుతుంది. అందరికీ వేసెయ్యండి."

నీతి: పెద్దలు చేసిన తప్పుని వాళ్ల ముందు తిట్టి ప్రయోజనం లేదు, మెచ్చుకుని, అందులో వాళ్ల వాటా వాళ్ల ఇంటికి పంపాలి.