ద్రాగుతిన్ నలభయ్యో రోజు గోధుమలు

ఆ శనివారం పొద్దున స్తానియా అనుకున్న పని చిన్నదే. అక్రోటు, చక్కెర కలిపి ఉడికించి, పోయినవాళ్ళ పేరున నలభయ్యో రోజు పంచే గోధుమల పళ్ళెం భర్త ద్రాగుతిన్ పోయినచోట పెట్టి రావాలి. నలభై రోజుల కిందట ఈ-75 రహదారి పక్కన, లారీలు ఆగే జాగాలో, స్టీరింగు మీద తల వాల్చి పోయాడతను.

"సమాధి దగ్గర పెట్టక రోడ్డుమీదేంటి వదినా?" కారు తీస్తూ సణిగాడు మరిది మిలున్.

"అక్కడికెవడొస్తాడ్రా? సాగనంపడానికి పదకొండుమంది వచ్చారు, అందులో ఒకడు దారి తప్పొచ్చినోడు. ఆయన్ని తెలిసినోళ్ళు తలా చెంచా తినాలి."

ముప్పై ఏళ్ళు గ్రీసు నుంచి పోలండు దాకా లారీ తోలినవాడు ఊళ్ళో ఎవరికి తెలుస్తాడు? ఇంటికొస్తే నిద్రపోయేవాడు. లేస్తే "ఉప్పేదీ?" అనేవాడు.

ఆ లారీల జాగా చేరాక ఆమె బల్ల వేసి కొవ్వొత్తి వెలిగించింది. త్రాయ్కో అనే మాసిడోనియా డ్రైవరు లారీ ఆపి, టోపీ తీసి, ఎవరికోసమని అడక్కుండానే చెంచాడు తిన్నాడు. వెనక లారీవాడికి కనిపించింది వేరు: బల్ల, నల్లబట్టల ఆడమనిషి, ఆగిన లారీ. వరుస కనిపిస్తే ముందు నిలబడి, ఎందుకని తర్వాత అడగడం సరిహద్దుల్లో బతికినవాళ్ళ అలవాటు. గంటలో వరుస రహదారి మీదికి పాకింది.

"కొత్త తనిఖీ అంట!" అన్నాడొకడు, డ్రైవర్లు లారీల్లోంచి మాట్లాడుకునే వైర్‌లెస్‌లో.

"ఆ ఆఫీసరమ్మ నవ్వదు, జాగ్రత్త!" అన్నాడింకొకడు.

ఒక హంగేరీవాడు లైసెన్సు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అతని చేతిలో చెంచా పెట్టింది. భయపడుతూనే తిన్నాడు.

పోలీసు వచ్చాడు. "మూడు కిలోమీటర్లు ఆగిపోయిందమ్మా! తియ్ బల్ల!"

"సగం మిగిలింది నాయనా. మా ద్రాగుతిన్‌ని తెలిసినోళ్ళు తినందే తియ్యను."

బల్ల పక్కనే ఆగిపోయి వింటున్న త్రాయ్కో ఉలిక్కిపడ్డాడు. "ఏ ద్రాగుతిన్? నీలం లారీ ద్రాగుతినా? పోయాడా?"

పరుగున వెళ్ళి వైర్‌లెస్‌లో చెప్పాడు. మరుక్షణం లారీల తలుపులు తెరుచుకున్నాయి. కాగితాలు జేబుల్లో కుక్కుకుని, టోపీలు తీసి, వరసగా నడిచొచ్చారు.

"స్తానియక్కవి నువ్వేనా? మోకాలి నొప్పి తగ్గిందా?"

"నిచ్చెనెక్కొద్దంటే వినదని ఒకటే బాధపడేవాడక్కా."

"బెల్‌గ్రేడులో నీ సంగతి ఎత్తితే సరిహద్దు దాకా ఆపేవాడు కాదు," అన్నాడు త్రాయ్కో కళ్ళు తుడుచుకుంటూ. "భరించలేక వైర్‌లెస్ కట్టేసేవాళ్ళం."

"నాతో ఉప్పు మాటే మాట్లాడేవాడు," అంది స్తానియా. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఆఖరికి పోలీసు కూడా టోపీ తీశాడు. పళ్ళెం ఖాళీ అయింది. గోధుమలు ద్రాగుతిన్‌ని తెలిసినవాళ్ళకు సరిగ్గా సరిపోయాయి. స్తానియాకు ఒక్క గింజ మిగలలేదు.