మరక వదలని పక్షి

ఆ ఉదయం లాండ్రీ పెద్దాయనకి అప్పగించిన పని ఒక్కటే, తువ్వాళ్లు మడతపెట్టడం. సముద్రపు పక్షులకి వైద్యం చేసే ఆ కేంద్రంలో ఆయన కూతురే డాక్టరు. తండ్రికి అంతకుమించి ఏ పనీ చెప్పే ధైర్యం ఆమెకి లేదు. బతుకంతా కోట్ల మీది సిరా మరకలూ, చొక్కాల మీది తుప్పు మరకలూ వదలగొట్టి, దుకాణం మూసేశాక ఇంట్లో తోచక కూతురి వెంటపడి వచ్చాడాయన. వచ్చిన కొత్తలోనే ఒక కొంగని మరీ దగ్గరగా పలకరించబోయి కళ్లజోడు పోగొట్టుకున్నాడు. ఇంకొక్కటి ఇలాంటిది జరిగితే ఇంట్లో కూర్చోవాల్సిందేనని కూతురు నవ్వకుండా చెప్పింది. ఆయనకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

అంతకుముందు రోజు ఏదో ఓడ నుంచి చమురు కారి తీరమంతా పాడైంది. చమురులో తడిసిన పక్షులని అక్కడే డేరాలో వెచ్చగా ఉంచారు. అవి కాస్త తేరుకున్నాయని, ఇక తీసుకెళ్లి కడగవచ్చని ఫోను రాగానే కూతురు ఉన్న నలుగురినీ వ్యానెక్కించింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కనున్న బుట్ట చూపించింది. అందులోది రెక్క విరిగి వచ్చిన పాత పక్షి, బాగా కోలుకుంది, మధ్యాహ్నం సముద్రంలోకి పంపేస్తాం, దానికి చేయాల్సింది ఏమీ లేదని చెప్పి వెళ్లింది.

పెద్దాయన తువ్వాళ్లు మడిచాడు. విప్పి ఇంకా బాగా మడిచాడు. తర్వాత, పక్షికి గాలాడుతోందో లేదోనని బుట్ట మీది గుడ్డ కొంచెం తొలగించి చూసి ఉలిక్కిపడ్డాడు. మెడ దగ్గర్నుంచి తోక దాకా కారునలుపు. రెక్క బాగుచేసే హడావుడిలో మా పిల్ల దీని చమురు కడగడం మరిచిపోయింది. ఈ అవతారంతో సముద్రంలోకి పంపితే నలుగురూ ఏమంటారు, పిల్ల పరువేం కావాలి? కూతురి మీద జాలీ, తన చేతుల మీద నమ్మకమూ ఆయనకి ఒకేసారి పొంగుకొచ్చాయి.

సాయానికి బావమరిదిని పిలిచాడు. బావమరిది పని చేయడానికి కాకపోయినా, చూడటానికైనా వచ్చే రకం. పక్షుల్ని ఎలా కడగాలో చూపించే గోడ మీది బొమ్మల్లో ఉన్నట్టే గోరువెచ్చని నీళ్లు పెట్టి, గిన్నెలు తోమే సబ్బు కలిపి, ఒకరు ముక్కు పట్టుకుంటే ఒకరు రుద్దారు. మధ్యలో రెండుసార్లు ముక్కే బావమరిది వేళ్లని పట్టుకుంది. టబ్బు మీద టబ్బు మార్చారు. నీళ్లు తేటగానే ఉన్నాయి, పక్షి నల్లగానే ఉంది.

"బావా, నీళ్లలోకి ఏమీ దిగట్లేదు."

"మొండి మరక అంతే. మనమూ మొండికెయ్యాలి" అన్నాడు పెద్దాయన.

సబ్బు అయిపోయింది. బావమరిది అపార్ట్‌మెంటు గ్రూపులో, కేంద్రంలో పక్షి పరిస్థితి విషమంగా ఉంది, సబ్బు కావాలి అని పెట్టాడు. పై అంతస్తుకి చేరేసరికి ఆ పక్షి వంద పక్షులైంది. పక్క వీధికి చేరేసరికి డాక్టరమ్మ పరిస్థితే విషమించింది. కాసేపటికి వరండా నిండిపోయింది. కొందరు సబ్బు సీసాలు తెచ్చారు, కొందరు పాత దుప్పట్లు తెచ్చారు, ఒకాయన డాక్టరమ్మ కోసం పళ్లు తెచ్చాడు. పెద్దాయన అందరినీ వరసలో నిలబెట్టి, ముక్కు ఎలా పట్టాలో, రెక్క కింద ఎలా రుద్దాలో ఆ ఒక్క పక్షి మీదే నేర్పించాడు. దుకాణం మూసేశాక ఆయన గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదలు.

అప్పుడు వ్యాను వచ్చి ఆగింది. కూతురు జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. పళ్లాయన ఆమెని ఎగాదిగా చూసి, సంచీ చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"నువ్వు మరిచిపోయావమ్మా. ఎవరికీ చెప్పనులే. ఇంకాసేపట్లో తెల్లబడుతుంది."

"అది నీటికాకి నాన్నా. పుట్టుకతోనే నలుపు."

బావమరిది పట్టుకున్న ముక్కు వదిలేశాడు. ఈకల మీద తడవకుండా కాపాడే పూత సబ్బుకి పోయిందనీ, ప్రాణభయం లేదు కానీ పూత మళ్లీ వచ్చేదాకా దాన్ని పంపలేమనీ ఆమె మెల్లగా చెప్పింది. అరిచినా బాగుండేదనిపించింది పెద్దాయనకి. ఏప్రాను విప్పి, అలవాటు కొద్దీ చక్కగా మడతపెట్టి, ఇంటికెళ్తానమ్మా అన్నాడు.

కూతురు వ్యాను వైపు చూసింది. వ్యాను నిండా బుట్టలు, ప్రతి బుట్టలో చమురుకి జిగురు జిగురైన పక్షి. ఇన్నిటిని నలుగురితో ఎలా కడిగించాలా అని దారంతా ఆమె దిగులుపడుతూనే వచ్చింది. ఇప్పుడు వరండా వైపు చూసింది. గుట్టలుగా సబ్బు, తువ్వాళ్లు, ముక్కు ఎలా పట్టాలో తెలిసిన జనం.

ఆమె ఆ ఏప్రాను మడత విప్పి తండ్రి మెడలో వేసింది.

"ఇంటికి తర్వాత వెళ్దువు గాని. నాకు నువ్వు కావాలి నాన్నా."

ఆయన కళ్లు చెమర్చాయి. చేతులకి సబ్బు ఉండటం వల్ల తుడుచుకోలేకపోయాడు.

చీకటి పడేదాకా పని సాగింది. వచ్చినవన్నీ ఒకే రకం తెల్ల పక్షులే అయినా, ప్రతిదాన్నీ నీళ్లలో పెట్టేముందు దాని అసలు రంగేమిటని ఆయన కూతుర్ని అడుగుతూనే ఉన్నాడు.