పాట మీద మాట

రేడియోలో పాట మధ్యలో మాట్లాడే అమ్మాయిని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆమె మన పాలిట దేవత అని నొక్కి వక్కాణిస్తున్నాను!

ఆలోచించండి. సినిమా పాట పల్లవి అందుకుంటుందో లేదో, "హాయ్ ఫ్రెండ్స్, ట్రాఫిక్‌లో ఉన్నారా?" అని పలకరిస్తుంది. మనం ట్రాఫిక్‌లోనే ఉంటాం. ఎక్కడ చచ్చావని తప్ప, ఎక్కడున్నావని ఇంట్లోవాళ్లయినా ఇంత ప్రేమగా అడుగుతున్నారా? పైగా చరణం ఎలాగూ వినపడదు కాబట్టి కవిగారికి అది రాసే శ్రమ తప్పింది. మా వీధి చివర ఉండే కవిగారు ఇప్పుడు పల్లవి రాసేసి నిద్రపోతున్నారు.

రేడియో నాటకాలకు ఆమె చేసిన మేలు అంతా ఇంతా కాదు. మొన్న ఒక నాటకంలో భార్య వణికే గొంతుతో, "ఆ విషం కలిపింది ఎవరో తెలుసా?" అంది. వెంటనే ఆమె గొంతుతో వంటనూనె ప్రకటన వచ్చింది. హంతకుడు దొరికాడని ఇంటిల్లిపాదీ నమ్మి, ఆ నూనె కొనడం మానేశాం. అది గుండెకు మంచిదట కూడా.

ఇక శాస్త్రీయ సంగీతం. రాగం తీస్తూ విద్వాంసుడు ఊపిరి పీల్చుకోవడానికి ఒక క్షణం ఆగుతాడు. సందట్లో సడేమియా అని ఆమె అక్కడ దూరి "వావ్, సూపర్ కదా!" అంటుంది. మెచ్చుకునేవాళ్లు కరువైన ఈ రోజుల్లో అదైనా ఎవరంటారు?

మొన్న ఆదివారం మా అక్క మొదటి కచేరీ రేడియోలో వేశారు. అందరికంటే ముందు లేచి, వంటింటి పక్క గదిలో ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి. ముందే రికార్డు చేసింది కాబట్టి తను కూడా విందామని ఇరుగుపొరుగులను పిలిచి, రేడియో ముందు కూర్చోబెట్టింది.

అక్క పాట ఎత్తుకుంది. ఆ అమ్మాయి మాట ఎత్తుకుంది. ట్రాఫిక్, ఎండ, ఎవరిదో పుట్టినరోజు. మధ్యమధ్య అక్క గొంతు కూడా కాస్త వినిపించింది.

అంతా అయ్యాక పక్కింటి పిన్నిగారు అక్క చేతులు పట్టుకుని, "ఎంత గలగలా మాట్లాడావే అమ్మాయ్. మధ్యలో ఎవరో పాడుతూ అడ్డం వచ్చారు గానీ, లేకపోతే అంతా వినేవాళ్లం" అంది.

"థాంక్స్ పిన్నీ" అని అక్క అందరికీ కాఫీలిచ్చింది.

మర్నాటి నుంచి అక్క ఆ గది తలుపు తెరవలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎంత ప్రశాంతతో! ఎండెక్కేదాకా హాయిగా పడుకోవచ్చు. నాకే ఎందుకో తెల్లారకముందే మెలకువ వచ్చి, ఎంత దొర్లినా మళ్లీ నిద్ర పట్టడం లేదు.

అమ్మా, రేడియో తల్లీ! నీకు పుణ్యముంటుంది, ఒక్క పాట అయ్యేదాకా నోరు మూసుకో.