గుండ్రంగా తిరిగే చక్రానికి ఓ దండం

వేగంగా నడిచే ఇంటర్నెట్ కాపురాలకు చేటు. ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. పడక్కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, బాగా ఆలోచించి తేల్చిన సంగతి.

మీ ఇంట్లో కంప్యూటర్ తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూ కూర్చుంటోందా? అయితే మీరు పెట్టి పుట్టారు! అది తిరిగే కాసేపట్లో ఎన్ని పనులు చక్కబడతాయో ఎప్పుడైనా గమనించారా? పాలు పొంగకుండా దించుకోవచ్చు. ఊడిన గుండీ కుట్టుకోవచ్చు. నాకు తెలిసిన ఒక గుమాస్తా ఒళ్లు మండి తన ఆఫీసరుకు ఈమెయిల్లో రాజీనామా కొట్టాడు. అది ఎంతకీ కదలలేదు. ఈలోగా టీ తాగాడు, మనసు మార్చుకున్నాడు. ఇవాళ అదే ఆఫీసులో ఆఫీసరై కూర్చుని, ఇంకో గుమాస్తాకు ఒళ్లు మండిస్తున్నాడు. స్పీడు నెట్ ఉండి ఉంటే ఆయన గతేమిటి?

మా ఇంటికి నెట్ అందే తీరు కాలువ చివరి మడికి నీళ్లందినట్టు ఉండేది. గాల్లో వచ్చే రకం కాదు సుమా. గోడలోంచి దిగి, హాలంతా పాకి, కంప్యూటర్ వీపులో గుచ్చుకునే అసలు సిసలు వైరు. "వైరున్నాక మీకింక బెంగ లేదు" అని కనెక్షన్ ఇచ్చినవాళ్లు భరోసా ఇచ్చి వెళ్లారు. తర్వాత వాళ్లకు బెంగ లేదు, నిజమే.

ఆ కంప్యూటర్ మా ఆవిడది. దాని ముందు కూర్చుని చిన్నపిల్లలకు లెక్కలు చెబుతుంది. సరిగ్గా జవాబు చెప్పబోయే ముందు ఆవిడ బొమ్మ నోరు తెరిచినట్టే బిగుసుకుపోయేది. పిల్లలు ఆ బొమ్మను ఫోటో తీసి దాచుకునేవారు. లోకంలో ఏ పంతులమ్మ మీదైనా పిల్లలకు ఇంత మక్కువ చూశారా?

మా ఆవిడకు మాత్రం ఈ భాగ్యం అర్థం కాలేదు. దానికి తోడు ఒక పెద్ద స్కూలు నుంచి కబురొచ్చింది. శనివారం పొద్దున హెడ్మిస్ట్రెస్ స్వయంగా తెర ముందు కూర్చుని ఆవిడ పాఠం వింటుంది. నచ్చితే ఉద్యోగం ఈవిడకి. మధ్యలో బొమ్మ బిగుసుకుపోతే ఇంకొకరికి.

ఇక మొదలైంది వైద్యం. కస్టమర్ కేర్ అమ్మాయి "ఒకసారి ఆపి మళ్లీ వేయండి మేడమ్" అంది.

"వేశానమ్మా."

"ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆపి వేయండి మేడమ్."

మా బామ్మర్ది కంప్యూటర్లు బాగా తెలిసినవాడు. అంటే, కంప్యూటర్ షాపు పక్క షాపులో పని చేస్తాడు. వచ్చి, కనబడిన బటన్నల్లా నొక్కి, స్పీడు కొలిచే ముల్లు ఒకటి తెర మీద తెరిచి పెట్టాడు. అది కాస్త లేచి, నీరసంగా కూలబడింది. మా దగ్గరే ఉంటున్న అత్తగారు ఆ నెట్ పెట్టెకు ఉక్కపోస్తోందేమోనని అనుమానించి, టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పారు. పెట్టె చల్లగా ఉంది. మేం చెమటలు కక్కాం.

గురువారం మధ్యాహ్నం నేను సబ్బులకని బజారుకెళ్లి తిరిగొచ్చి, నా పడక్కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ తెర వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఏమండీ, మీరు లేనప్పుడు నెట్ శుభ్రంగా ఉంటోంది."

"నేనేమన్నా దాన్ని తింటున్నానా?"

"బావా, ఒక్కసారి గేటు దాకా వెళ్లు" అన్నాడు బామ్మర్ది.

వెళ్లాను. లోపల ఏదో సందడి. "అక్కా, పరిగెడుతోందే! బావా, ఇప్పుడు లోపలికి రా." వచ్చి కూర్చున్నాను. ముల్లు కూలింది.

అత్తగారు నిట్టూర్చారు. "అల్లుడిలోనే ఏదో ఉందమ్మా. నాకు పెళ్లిచూపుల నాడే అనిపించింది."

"లేవండి" అంది మా ఆవిడ. లేచాను. "కూర్చోండి." కూర్చున్నాను. "మళ్లీ లేవండి." చిన్నప్పుడు బడిలో గుంజీలు తీసినప్పుడు కూడా ఇంత పద్ధతిగా తీయలేదు. చివరికి బామ్మర్ది కుర్చీ జరిపి తివాచీ ఎత్తాడు. దాని కింద వైరు, సరిగ్గా కుర్చీ వెనక కాలు ఆనే చోట, అప్పడంలా చదునై ఉంది. లోపలి తీగలు చిట్లిపోయి, నా బరువు పడితే విడిపోతున్నాయి, నేను లేస్తే కలుసుకుంటున్నాయి. నడిచేవాళ్ల కాళ్లకు తగులుతోందని వైరును తివాచీ కిందకు తోసిందెవరు? ఆ అంచు లేవకుండా కుర్చీ కాలు తెచ్చి దాని మీద పెట్టిందెవరు? అత్తగారు కిటికీలోంచి బయటి ఎండను శ్రద్ధగా చూస్తున్నారు.

కొత్త వైరు వచ్చింది. గోడ వెంట, పైకప్పుకు జానెడు కింద, మేకులతో బిగించారు. శనివారం పాఠం నీళ్లలా సాగిపోయింది. ఉద్యోగం వచ్చింది. "ఎందుకైనా మంచిది" అంటూ మా ఆవిడ నా కుర్చీని వరండాలో వేయించింది, నాతో సహా.

అందరూ సుఖంగా ఉన్నారు కదా, ఇంక ఈయన గోలేమిటి అంటారా?

పాత రోజుల్లో చక్రం తిరగడం మొదలైతే మా ఆవిడ కుర్చీలో ఇటు తిరిగేది. "చూశారా, మళ్లీ ఆగింది" అని మొదలుపెట్టి, నన్ను దులిపి, అక్కడి నుంచి గ్యాస్ అయిపోవచ్చిందన్న మాటలోకి, అందులోంచి వాళ్ల పిన్ని కూతురు సంగతిలోకి వెళ్లి, మధ్యలో ఎక్కడో నవ్వేసేది కూడా. సగం తిట్లే, కాదనను. కానీ అన్నీ నాకోసం తిట్టినవే. ఇప్పుడు పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా నెట్ ఆగదు, ఆవిడ ఇటు తిరగదు.

నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి లోపలి నుంచి పిలుపు వినిపించింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి." ఆగిందన్నమాట! చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాకా పరిగెత్తాను.

"ఆ తలుపు దగ్గరగా వేయండి. మీ దగ్గు క్లాసులో వినిపిస్తోందట."

వేశాను. వేసేటప్పుడు ఒక్కసారి తలెత్తి, పైకప్పు కింద మేకులతో బిగించిన ఆ వైరును చూశాను. పాఠకులారా, మీలో వడ్రంగం తెలిసినవాళ్లు ఉండకపోరు. పడక్కుర్చీకి అంత ఎత్తు కాలు చేయించవచ్చా?