గోధుమ లేని రొట్టెకు వేయి దండాలు

పాఠకులారా, మనిషి ఇంతవరకు కనిపెట్టినవాటిలో అతి గొప్పది ఏది? చక్రం అంటారా? కరెంటు అంటారా? మీరింకా పాతకాలంలోనే ఉన్నారు! గుడ్డు లేని, పాలు లేని, వెన్న లేని, పంచదార లేని, ముఖ్యంగా గోధుమ లేని, బక్‌వీట్ అనే వేరే గింజల పిండితో చేసిన అరటిపండు రొట్టె ముందు అవన్నీ దిగదుడుపే. దీన్ని వీగన్ గ్లూటెన్ ఫ్రీ బనానా బ్రెడ్ అంటారు. తిన్నాక మీరేమంటారో అది మీ ఇష్టం, పక్కన పిల్లలు లేనప్పుడు అనండి.

వెనకటి మనుషులు రొట్టెలో ఏమేమి వేశారో చెప్పుకుని మురిసిపోయేవారు. పాపం, తెలియక! ఇప్పుడు ఏమేమి వెయ్యలేదో చెప్పుకోవడమే గొప్ప. వెయ్యనివి ఎన్ని ఎక్కువైతే మనిషి అంత ఎత్తుకు ఎదిగినట్టు. ఇంకా కొంచెం పట్టుదలగా ఉంటే ఖాళీ పళ్ళెం దగ్గరికి చేరుకుంటాం. ఆరోగ్యానికి అంతకు మించింది ఏముంది?

ఈ రొట్టె మహిమ తెలియాలంటే ఒక ఇంటి పెద్ద కోడలి సంగతి చెప్పాలి. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. లోపల డ్రిల్లింగు మిషను గుయ్యిమంటుంటే, వచ్చినవాళ్ళు దవడలు పట్టుకుని మూలుగుతుంటే, ఆవిడ ప్రశాంతంగా ఫోనులో వీడియోలు చూస్తుంది. అలాంటి ఒక వీడియోలో, తెల్లటి వంటగదిలో నిలబడ్డ ఒక సన్నటి మనిషి చెక్క గరిటె ఊపుతూ గోధుమే మన అసలు శత్రువని ప్రకటించింది. పెద్ద కోడలికి కళ్ళు తెరుచుకున్నాయి! పుట్టినప్పటి నుంచి గోధుమ రొట్టెలు తిని నిక్షేపంగా అరిగించుకున్న మనిషికి ఆ సాయంత్రమే బ్లోటింగ్, అదే కడుపుబ్బరం, మొదలైంది. అంతకు ముందు ఎందుకు లేదంటారా? ఆ మాట అప్పటికి ఆవిడకు తెలియదు.

ఆ ఇంట్లో గోధుమ నిజంగా పడని మనిషి ఒకరున్నారు. ఆవిడ చిన్న కోడలు, రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. చిటికెడు గోధుమపిండి లోపలికి పోయినా పేగులు దెబ్బతింటాయని, జన్మలో ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అది ఫ్యాషన్ కాదు, జబ్బు. అందుకే ఆ ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

"పిండి పడకపోవడమేంటమ్మా? మేం రాళ్ళు తిని అరిగించుకున్నాం" అనేది అత్తగారు. ఏ రాళ్ళో, ఎప్పుడు తిన్నదో ఎవరూ అడగలేదు. "మహారాణీ వారికి వేరే వంట!" అనేది పెద్ద కోడలు. చిన్న కోడలి మొగుడు ఏసీలు బాగుచేస్తాడు. అతను మాత్రం పెళ్ళాన్ని ఒక్క మాట అనేవాడు కాదు. ఆమె తరఫున కూడా ఒక్క మాట అనేవాడు కాదు. చిన్న కోడలు తన గిన్నె తనే తోముకుని, తన వంట తనే వండుకుని, టేబుల్ మీద రొట్టె ముక్కలు రాలి ఉంటాయని వంటింట్లో స్టూలు మీద కూర్చుని తినేది. ముందుగదిలో నవ్వులు వినిపించేవి. ఆ నవ్వు తన గురించేనేమోనని ఒక్కోసారి నమలడం ఆపి చెవి ఒగ్గేది.

మరి చూశారా, అదే మాట వీడియోలోంచి వచ్చేసరికి ఎంత విలువ వచ్చిందో! చిన్న కోడలు మానేస్తే తిక్క, పెద్ద కోడలు మానేస్తే వివేకం!

"అక్కా, నిజంగా గోధుమ మానేస్తున్నావా?" అని చిన్న కోడలు ఆశగా అడిగింది.

"మానేయడమేంటి, ఇంట్లోంచే తరిమేస్తున్నా!" అంది పెద్ద కోడలు. గోధుమపిండి డబ్బా ఆ పూటే అటకెక్కింది. ఎక్కిందే గాని ఇల్లు దాటలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

అవిసె గింజలు పొడి కొట్టి, నీళ్ళలో నానబెట్టి, ఇదే గుడ్డు అన్నారు వీడియోలో. సరే అన్నాం. బాదంపప్పు రుబ్బి పిండిన నీళ్ళే పాలు అన్నారు. ఒప్పుకున్నాం. తొక్క నల్లబడ్డ అరటిపళ్ళు పంచదార అన్నారు. మనమెవరం కాదనడానికి? ఇవన్నీ బక్‌వీట్ పిండిలో కలిపి ఓవెన్‌లో పెడితే, మొదటి రొట్టె పెట్టినది పెట్టినట్టే ఉంది. పెద్ద కొడుకు లిఫ్టు మెకానిక్కు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్నో లిఫ్టులు పైకి లేపాను గానీ దీన్ని లేపడం నా వల్ల కాదే" అన్నాడు. రెండోది లేచింది, కానీ కత్తి పెట్టగానే ఇసుకలా రాలింది. అత్తగారు చెంచాతో తిని, మందు మింగినట్టు కళ్ళు మూసుకుంది.

అయినా అందరూ బాగుందన్నారు. ఎందుకనకూడదు? బాగాలేదంటే నాగరికత తెలియనివాళ్ళమైపోమూ?

చిక్కంతా ఆదివారం వచ్చింది. "గోధుమకు గుడ్‌బై" అనే ఫోను గ్రూపులో పెద్ద కోడలు ముందే చాటింపు వేసింది: ఆదివారం నా రొట్టె ముక్క ఫోటో పెడతాను, కోసిన అంచు ఎంత నునుపుగా ఉంటుందో చూడండి అని. పిండి కలిపి, గరిటె ఎత్తి చూసింది. జిగురే లేదు, కాలిస్తే మళ్ళీ ఇసుకే. గ్రూపులో పరువేం కావాలి?

స్టూలు వేసుకుని అటక మీది డబ్బా దింపింది. రెండు గుప్పిళ్ళు. "మిగతాదంతా బక్‌వీటేగా, ఈ మాత్రానికేం కొంప మునగదు" అనుకుంటూ కలిపేసింది. ఆవిడ దుర్మార్గురాలనుకుంటున్నారా? ఛ! ఆ క్షణాన ఆవిడకు చిన్న కోడలు గుర్తే రాలేదు. వచ్చినా ఆ జబ్బు ఉందని ఏనాడు నమ్మింది గనక!

రొట్టె పొంగింది. అంచు అద్దంలా తెగింది. ఫోటో గ్రూపులోకి వెళ్ళింది, చప్పట్ల బొమ్మలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. టీ వేళకు ఇంటిల్లిపాదీ టేబుల్ చుట్టూ చేరారు. చిన్న కోడలు అలవాటు ప్రకారం వంటింటి వైపు వెళ్ళబోతుంటే అత్తగారే పిలిచింది.

"ఇవాళ నువ్వు కూడా తినొచ్చుగా, రా, కూర్చో."

చిన్న కోడలి మొహం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని, ముక్క చేతిలోకి తీసుకుని, భయం భయంగా అడిగింది. "అక్కా, వేరే పిండి ఏమీ కలపలేదు కదా? కొంచెం కూడా?"

పెద్ద కోడలి నోట్లో టీ వేడిగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. కానీ చప్పట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, అందరూ తన వైపే చూస్తున్నారు. "ఏంటమ్మాయ్, నా మీదే అనుమానమా?" అంది.

చిన్న కోడలు సిగ్గుపడిపోయింది. "అయ్యో, అలా కాదక్కా" అని ముక్క తినేసింది. రెండోది కూడా అడిగి పెట్టించుకుంది. "అందరితో కూర్చుని తింటే ఎంత బాగుందో!" అంది. నిజంగానే ఆమెకు చాలా బాగుంది. పెద్ద కోడలు ఫోను చూసుకుంటూ తల ఎత్తలేదు.

చీకటి పడేలోపే వాంతులు మొదలయ్యాయి. కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది. మర్నాడు లాబ్‌కు వెళ్ళలేకపోయింది. నీళ్ళు తాగినా నిలవలేదు.

ఇక ఆ ఇంటి తెలివి చూడండి! "గోధుమ లేని రొట్టె తిన్నా ఇలాగే అయిందంటే అర్థమేంటి? తప్పు గోధుమది కాదన్నమాట" అంది అత్తగారు. పెద్ద కొడుకు తల ఊపాడు. చిన్న కొడుకు కూడా ఊపాడు. అంతా మనసులోనే ఉందని, లేనిపోని భయాలతో ఒళ్ళు పాడుచేసుకుంటోందని ముగ్గురూ కలిసి తేల్చేశారు. డాక్టరు చదివిన చదువంతా ఒక్క అరటి రొట్టె ముందు కొట్టుకుపోయింది. పెద్ద కోడలు గడప దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంది.

ఆ మరుసటి పొద్దున చిన్న కోడలు గోడ పట్టుకుని టేబుల్ దగ్గరకు వచ్చేసరికి అత్తగారు వేడి వేడి గోధుమ రొట్టె పళ్ళెంలో వేసి ముందు పెట్టింది.

"తిను. నీ భయం వదిలిపోతుంది."

చిన్న కోడలు మొగుడి వైపు చూసింది. "కొంచెం తిని చూడరాదూ, అమ్మ అంతగా చెప్తుంటే" అన్నాడతను. ఆమెకు వాదించే ఓపిక లేదు. తన మాట మీద తనకే నమ్మకం సడలుతోంది. రొట్టె అంచు తుంచింది.

"వద్దు! తినకు!" అని పెద్ద కోడలు ఒక్క అంగలో వచ్చి పళ్ళెం లాగేసింది. "అత్తయ్యా, తప్పు నాదే. ఆ రోజు రొట్టె నిలవట్లేదని రెండు గుప్పిళ్ళు గోధుమపిండి కలిపాను. పిల్ల మొదట్నుంచీ చెప్తున్నదంతా నిజమే."

చిన్న కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు, వాంతులు చేసుకున్నాకైనా సరే, తన మాట నిజమని ఆ ఇంట్లో ఒకరన్నారు. ఇప్పుడు మిగతావాళ్ళు కూడా ఏదో ఒకటి అంటారని ఎదురుచూసింది.

"అదా సంగతి! ఎప్పుడూ లేనిది ఆ రోజు నోట్లో పెట్టుకునేలా ఉందే అనుకున్నా!" అంది అత్తగారు.

"ముక్క చెక్కుచెదరలేదు" అని పెద్ద కొడుకు ఒప్పుకున్నాడు.

"అయితే ఈసారి ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యి వదినా, ఇంకా బాగా పొంగుతుంది."

ఈ మాట అన్నది చిన్న కోడలి మొగుడు.