నూకాలుకు చెప్పిన పనులు

ఒక పెద్ద అడవిలో ఇంజనీర్లకు కరువు లేదు, వంతెనకే కరువు. వాగు మీద ఉన్న ఒక్క వంతెనా పోయిన వానల్లో కూలింది. కూలినప్పుడు దాని మీద ఏనుగు పెద్దయ్య ఉన్నాడు. అడవి ఇంజనీర్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు కాబట్టి, కూలడానికి కారణాలను నడుం లోతు బురదలో కూర్చునే పరిశీలించాడు.

కొత్త వంతెన కట్టడానికి ఒక కుర్ర ఇంజనీరును తీసుకోవాలనుకున్నారు. ఎంపిక సంఘానిదే. ఎంపికకు గడువు మూడు నెలలు.

ఆ మాట చెవిన పడగానే సంఘం కార్యదర్శి కొండముచ్చు వీరభద్రం తన అక్క దగ్గరికి పరిగెత్తాడు. మేనల్లుడు రాజారత్నానికే ఆ ఉద్యోగమని మాట ఇచ్చేశాడు. మూడు పూటలూ ఆయన తినేది అక్క ఇంట్లోనే. మాట తప్పితే పళ్లు కాదు, తొక్కలు కూడా దొరకవని ఆయనకు తెలుసు.

అడ్డల్లా ఒక్కటే, పందికొక్కు నూకాలు. అది కూడా ఆ ఏడే చదువు పూర్తి చేసింది. మార్కులు రాజారత్నంతో సమానం. దాన్ని పుస్తకం ముట్టనివ్వకుండా చూస్తే చాలని వీరభద్రం అనుకున్నాడు.

నూకాలును పిలిచి, సంఘంలో వాలంటీరుగా చేరమన్నాడు. అనుభవం వస్తుందన్నాడు. పెద్దలతో పరిచయాలు పెరుగుతాయన్నాడు. నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుందన్నాడు. ఆయన బతుకులో చెప్పిన నిజం అదొక్కటే. పాపం, అబద్ధం చెబుతున్నాననుకుంటూ చెప్పాడు.

"చదువుకోవడానికి టైం మిగులుతుందా బాబాయ్?" అంది నూకాలు.

"ఆ సంగతి నేను చూసుకుంటాను కదా తల్లీ."

చూసుకున్నాడు కూడా. వారం వారం వాగుకు వెళ్లి లోతు కొలిచి రాయడం మొదటి పని. అలా కొలవాలని సంఘం నియమావళిలో ఉంది. పదేళ్లుగా ఆ అంకెలను వీరభద్రమే కొమ్మ మీద కూర్చుని వేసేవాడు, కింద సంతకం పెట్టేవాడు. ఇప్పుడు నూకాలు వెదురు గడ భుజాన వేసుకుని వెళ్లేది, సంతకం మాత్రం ఆయనదే. గడ ఎక్కడైనా మెత్తగా దిగితే ఊరుకునేది కాదు. పందికొక్కు కదా, తవ్వి చూసేది.

సభలకు ముందు ఇంటింటికీ వెళ్లి పిలిచి రావడం రెండో పని. అందులో తాబేలు నరసమ్మ ఇల్లే ముఖ్యం. ఆవిడ రిటైరైన ఇంజనీరు. ఇంట్లో అడుగుపెట్టినవాళ్లకు తన సర్వీసంతా మొదటి రోజు నుంచీ చెబుతుంది. ఆ భయంతోనే తోటి ఇంజనీర్లు ఆవిడ ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు. నూకాలు ఒక్కో రోజంతా అక్కడే కూర్చుని వినేది. వీరభద్రానికి కావలసిందీ అదే.

ఇక మూడోది, పెద్దయ్య ప్రసంగం తెగకపోతే లేచి ఆపడం. మొదటి సభలో నూకాలు సగం లేచి మళ్లీ కూర్చుంది. మూడో సభలో లేచి నిలబడి, "పెద్దయ్య గారూ, భోజనాలు చల్లారిపోతున్నాయి" అంది. ఏనుగు ఆగిపోయాడు. అలా ఆగడం అడవి ఎరగదు.

ఈ మూడు నెలలూ రాజారత్నం కొమ్మ దిగలేదు. వాళ్లమ్మ పండు ఒలిచి నోట్లో పెడుతుంటే పేజీ తిప్పాడు. పుస్తకమంతా నోటికి వచ్చింది, పొట్ట కూడా కొంచెం వచ్చింది.

ఎంపిక రోజు పెద్దయ్య, నరసమ్మ, వీరభద్రం ముగ్గురూ కూర్చున్నారు. పెద్దయ్య అడిగింది ఒకే ప్రశ్న. వంతెన ఎక్కడ కడతావు, నేను నడిస్తే నిలుస్తుందా?

"పాత చోటేనండీ. లెక్క ప్రకారం నిలిచి తీరాలి" అన్నాడు రాజారత్నం.

"వాగు చూశావా బాబూ?"

"పుస్తకంలో బొమ్మ చూశానండీ."

పెద్దయ్య పొట్ట తడుముకున్నాడు. బురద ఇంకా పూర్తిగా వదల్లేదు.

నూకాలు వచ్చింది. "పాత చోట నిలవదండీ. ఎడమ గట్టు కింద మూడు బారల దాకా బురదే, తవ్వి చూశాను. యాభై అడుగులు పైకి వెళితే బండ ఉంది. నరసమ్మ గారు ముప్పై ఏళ్ల కిందటే అక్కడ కట్టమన్నారట, ఎవరూ వినలేదట."

నరసమ్మ కళ్లు తుడుచుకుంది. ఆవిడ మాట చివరిదాకా విన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

వీరభద్రం అడ్డుపడ్డాడు. పిల్ల చురుకైనదే కానీ బొత్తిగా అనుభవం లేదన్నాడు.

పెద్దయ్య వాగు కొలతల పుస్తకం తొండంతో ఆయన ముందుకు జరిపాడు. "మూడు నెలలు వాగులో దిగి కొలిచిందని ఇందులో ఉందయ్యా. కింద సంతకం నీదే."

తన సంతకం తనది కాదనలేక, నూకాలు ఎంపిక కాగితం మీద కూడా వీరభద్రం సంతకం పెట్టాడు.

బండ మీద వంతెన లేచింది. పెద్దయ్య ఏ పనీ లేకపోయినా రోజుకు రెండుసార్లు అటూ ఇటూ నడిచి వస్తున్నాడు. వీరభద్రం పళ్లు తానే కోసుకుంటున్నాడు.

పోయిన వారం మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని నూకాలు కలుగు దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, మావాడికి కూడా సంఘంలో ఏదైనా పని చెప్పు. నీ పుణ్యం ఉంటుంది."

నూకాలు కలుగులోకి వెళ్లింది. లోపలి నుంచి వెదురు గడ తెచ్చి రాజారత్నం చేతికిచ్చింది. నరసమ్మ గారి ఇంటికి దారి కూడా చెప్పింది.

నీతి: గిట్టనివాళ్లను చెడగొట్టాలంటే ఇంట్లో కూర్చోబెట్టి పళ్లు ఒలిచి పెట్టాలి, పొరపాటున కూడా సంఘంలో పని చెప్పకూడదు.